హోప్ టౌన్‌కు దెయ్యం ఎందుకు లేదు?

పాత ఎర్రరంగు ఇరవై రూపాయల నోటు ఇంట్లో ఎక్కడైనా మిగిలి ఉంటే ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. ముందు కొబ్బరి చెట్లు, వాటి సందుల్లోంచి సముద్రం, దూరంగా ఒక లైట్‌హౌస్ కనిపిస్తాయి. అది అండమాన్‌లోని మౌంట్ హ్యారియెట్ కొండదారి నుంచి కనిపించే దృశ్యం. ఆ కొండ దిగువన, పోర్ట్ బ్లెయిర్ రేవుకు అవతలి ఒడ్డున ఉన్న చిన్న ఊరు హోప్ టౌన్. 1872 ఫిబ్రవరి 8 సాయంత్రం ఈ ఊరి జెట్టీ మీదే భారత వైస్రాయ్ లార్డ్ మేయో కత్తిపోట్లకు బలయ్యాడు. పదవిలో ఉండగా హత్యకు గురైన వైస్రాయ్ ఆయనొక్కడే.

ఇంత ఘోరం జరిగిన చోట ఒక్క దెయ్యమైనా తిరగాలి కదా! మన ఊళ్లలోనైతే చెరువులో ఒకరు మునిగిపోతే చాలు, ఆ గట్టు మీది చింతచెట్టుకు కథ అంటుకుంటుంది. చిత్రమేమిటంటే, దేశంలోని 'దెయ్యాల చోట్లు' అంటూ చేతులు మారే జాబితాల్లో అండమాన్ పేరు వచ్చినప్పుడల్లా వినిపించేది రాస్ దీవి, కాదంటే సెల్యులార్ జైలు. హోప్ టౌన్‌ను పట్టించుకునేవాళ్లు తక్కువ.

శని, ఆదివారాల్లో బైకులేసుకుని, టార్చిలైట్లు పట్టుకుని, ఫోన్ కెమెరా ఆన్ చేసి పాడుబడ్డ కోటలకూ బంగళాలకూ బయల్దేరడం ఇప్పుడు దేశమంతటా ఒక సరదా. నమ్మకం ఉన్నవాళ్లు కొందరు వెళ్తారు. నమ్మకం లేదని రుజువు చేసుకోవడానికి ఇంకొందరు, వీడియో కోసం మిగిలినవాళ్లు. రాజస్థాన్‌లోని భాన్‌గఢ్ కోట వీళ్లకు పెద్ద క్షేత్రం. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు లోపలికి రాకూడదని పురావస్తు శాఖ అక్కడ బోర్డు పెట్టింది. దెయ్యాలున్నాయని ఆ బోర్డులో ఎక్కడా లేదు. రక్షిత కట్టడాలు చాలావాటికి ఇలాంటి వేళల నిబంధనే ఉంటుంది. అయినా ప్రభుత్వమే దెయ్యాన్ని ఒప్పుకున్నట్టుగా ఆ బోర్డు ఫొటో ఊరూరా తిరిగింది. 2023లో ఢిల్లీ పర్యాటక శాఖ ఇంకో అడుగు ముందుకేసి, అడవిలో పాడుబడి ఉన్న మాల్చా మహల్‌కు టికెట్టు పెట్టి మరీ 'హాంటెడ్ వాక్' మొదలుపెట్టింది. దెయ్యానికి సర్కారు ముద్ర కూడా పడిందన్నమాట.

అండమాన్‌కు తెలుగువాళ్లు కొత్తేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చి చేపల వేటతో స్థిరపడ్డ కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. విశాఖ నుంచి ఓడ, హైదరాబాద్ నుంచి విమానం ఉండనే ఉన్నాయి. 2024 సెప్టెంబరులో కేంద్రం పోర్ట్ బ్లెయిర్ పేరును శ్రీవిజయపురంగా మార్చింది గానీ, వాడుకలో పాత పేరు ఇంకా పోలేదు.

రాస్ దీవికి వెళ్లాలంటే అబర్డీన్ జెట్టీ దగ్గర బోటెక్కాలి. మాటల్లో పడితే ఎప్పుడొచ్చామో తెలియనంత దగ్గర. 2018 డిసెంబరులో దీని పేరు నేతాజీ సుభాష్ చంద్రబోస్ దీవి అయింది. 1858లో ఖైదీల వలస మొదలైనప్పటి నుంచి ఎనిమిది దశాబ్దాలకు పైగా బ్రిటిష్ అధికారుల రాజధాని ఈ చిన్న దిబ్బే. చీఫ్ కమిషనర్ బంగళా, చర్చి, బేకరీ, క్లబ్బు, టెన్నిస్ కోర్టు, మంచినీళ్ల ప్లాంటు, బజారు, శ్మశానం... దొరలకు లోటంటూ లేకుండా అన్నీ కట్టించుకున్నారు. అడవి నరికిందీ, రాళ్లు మోసిందీ మాత్రం ఖైదీలు. 1941 జూన్ 26న వచ్చిన పెద్ద భూకంపం భవనాలను దెబ్బతీసింది. మరుసటి ఏడాది మార్చిలో జపాన్ సేన దీవులను ఆక్రమించింది. యుద్ధం ముగిశాక ఇక్కడ మళ్లీ కాపురం పెట్టినవాళ్లు లేరు. మనుషులు ఖాళీ చేసిన చోటును మర్రిజాతి చెట్లు ఆక్రమించాయి.

ఆ చెట్ల పని దగ్గర్నుంచి చూడాల్సిందే. చర్చికి పైకప్పు లేదు, కిటికీలకు చెక్కలు లేవు. గోడ పైఅంచున ఎప్పుడో పిట్ట వేసిన విత్తు మొలిచి, దాని వేళ్లు ఇటుకల మీదుగా జారి, నేలను పట్టుకుని, తొడంత లావయ్యాయి. కొన్నిచోట్ల వేరును కోసేస్తే గోడ కూలిపోతుంది. గోడ కూలితే చెట్టూ నిలవదు. ఏది దేన్ని మోస్తోందో చెప్పడం కష్టం. వేళ్ల మధ్య ఇంకా తలుపు చట్రం ఆకారం మిగిలే ఉంటుంది. అందులోంచి చుక్కల జింక ఒకటి తాపీగా బయటికొస్తుంది. సాయంత్రం నెమళ్లు అరిచాయంటే, ఆ కూత తెలియనివాళ్లకు ఆడమనిషి కేకలాగే వినిపిస్తుంది. పైగా అండమాన్‌కు వేరే గడియారం లేదు. దేశానికి బాగా తూర్పున ఉండి కూడా మన టైమే పాటిస్తుంది కాబట్టి డిసెంబరులో అయిదుంపావుకల్లా పొద్దు గుంకుతుంది. హైదరాబాద్‌లో టీ తాగే వేళకు ఇక్కడ దీపాలు పెట్టేస్తారు. కొత్తగా వచ్చినవాడి వాచీ సాయంత్రమంటుంది, కళ్లు రాత్రంటాయి. దెయ్యం కథ పుట్టడానికి ఇంతకంటే సరంజామా ఏం కావాలి?

ఇప్పుడు ఎదురొడ్డుకు వద్దాం. 1872 ఫిబ్రవరి 8 ఉదయం వైస్రాయ్ ఎక్కిన 'గ్లాస్గో' యుద్ధనౌక పోర్ట్ బ్లెయిర్‌లో లంగరు వేసింది. భార్య కూడా వెంట ఉంది. ఖైదీల వలస ఎలా నడుస్తోందో స్వయంగా చూడాలని ఆయన వచ్చాడు. పగలంతా రాస్, వైపర్, చాతమ్ దీవులు తిరిగాడు. భద్రతకు లోటు లేదు, సాయుధ కాపలా వెన్నంటే ఉంది. పని ముగిశాక ఇంకా కాస్త వెలుతురు మిగిలింది. మౌంట్ హ్యారియెట్ మీద ఆరోగ్య కేంద్రం పెట్టవచ్చా అన్న ఆలోచన ఒకటుంది. అది కూడా చూసేద్దామని మేయో కొండెక్కాడు. శిఖరం మీద కాసేపు కూర్చుని సూర్యాస్తమయం చూశాడు. ముందే అనుకున్న కార్యక్రమంలో అది లేదు.

దిగేసరికి చీకటి పడింది. కాగడాల వెలుగులో ఏడింటి వేళకు జెట్టీ చేరుకున్నారు. లాంచీ సిద్ధంగా ఉంది. ఖైదీల వలస సూపరింటెండెంట్ జనరల్ స్టీవర్ట్ ఏదో ఉత్తర్వు ఇవ్వడానికి పక్కకు జరిగాడు. వైస్రాయ్ మెట్లు దిగడానికి రెండడుగులు ముందుకు వేశాడు. సరిగ్గా అప్పుడే చీకట్లోంచి ఒకడు దూకి వీపు మీద పడ్డాడు. రెండు పోట్లు. కాగడాలు ఆరిపోయాయి. మళ్లీ వెలుతురు వచ్చేసరికి మేయో జెట్టీ పక్కన మోకాటి లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు. పెద్ద దెబ్బేమీ కాదన్నాడు. పైకి లాగి పక్కనున్న బండి మీద కూర్చోబెట్టారు. అప్పుడు తెలిసింది, కోటు వెనకంతా నెత్తురే. ఓడ చేరేలోపే ప్రాణం పోయింది.

పొడిచినవాడు శేర్ అలీ అఫ్రీదీ. ఖైబర్ ప్రాంతపు పఠాన్. పెషావర్ కమిషనర్ దగ్గర గుర్రపు సిపాయిగా కొలువు చేసినవాడు. కుటుంబ కక్షల్లో బంధువును చంపాడన్న నేరానికి 1867లో ఉరిశిక్ష పడింది. దాన్ని తర్వాత ద్వీపాంతరవాసంగా మార్చారు. అండమాన్‌లో బుద్ధిగా మసలుకుని కొంత స్వేచ్ఛ సంపాదించుకున్నాడు, హోప్ టౌన్‌లో మంగలి పని చేసుకునేవాడు. తనకు పడిన శిక్షే అన్యాయమన్న కసితో ఒక పెద్ద దొరను చంపాలని ఏళ్లుగా కాచుకుని ఉన్నాడు. మార్చి 11న వైపర్ దీవిలో అతన్ని ఉరితీశారు. మేయో శవం మాత్రం సముద్రాలు దాటి ఐర్లాండ్ చేరింది. చెడిపోకుండా మద్యంలో ఉంచి తెచ్చారన్న కథతో అక్కడివాళ్లు ఆయన్ను 'ఊరేసిన దొర' అన్న అర్థం వచ్చేలా పిలుచుకున్నారట. దొరవారికి ఆవకాయ గౌరవం దక్కిందన్నమాట.

ఇంత కథ. హంతకుడు, హతుడు, చీకటి, ఆరిపోయిన కాగడాలు, నెత్తురు, ఉరి. సినిమా తీసేవాడికి ఒక్క ముక్క కలపాల్సిన పని లేదు. అయినా దెయ్యాల యాత్రికులు బోటెక్కేది రాస్‌కే. కారణం కష్టమైనదేం కాదు. హోప్ టౌన్‌లో జనం కాపురముంటున్నారు. ఇళ్లున్నాయి, బడి పిల్లలున్నారు, రేవు పనులున్నాయి. పాడుబడిన గోడలు లేవు. రాస్‌లో జరిగినవి ఎక్కువగా విందులు, ఆటలు, ఫైళ్ల మీద సంతకాలు. కానీ అక్కడ శిథిలం ఉంది. దెయ్యం కథ నెత్తురు చూసి పుట్టదు, ఖాళీ ఇల్లు చూసి పుడుతుంది. ఎవరు చచ్చారన్నది దానికి అక్కర్లేదు. తలుపు లేని గుమ్మం ఉంటే చాలు.

ఈ లెక్కలో నష్టపోయేవాళ్లూ ఉన్నారు. 1858 మార్చి 10న 'సెమిరామిస్' ఓడ రెండు వందల మంది ఖైదీలతో ఇక్కడికి చేరింది. 1857 తిరుగుబాటులో పట్టుబడ్డవాళ్లు వాళ్లలో చాలామంది. మొదటి సూపరింటెండెంట్ వాకర్ హయాంలో పారిపోయి దొరికిన ఎనభై మందికి పైగా ఖైదీలను ఒక్కరోజే ఉరితీశారు. వైపర్ దీవి గుట్ట మీద ఎర్రటి ఉరికంబపు మంటపం నేటికీ ఉంది. సెల్యులార్ జైలు కట్టడం 1896లో మొదలై 1906లో పూర్తయింది. ఏడు రెక్కలు, దాదాపు ఏడు వందల ఒంటరి గదులు. ఇప్పుడు మిగిలినవి మూడు రెక్కలే. అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించినవాడే. ఆయన బతికి బయటపడి 1952 ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచాడు. అండమాన్ పేరు చెప్పి దెయ్యాల వీడియో పెట్టే తెలుగు కుర్రాళ్లలో ఈ పేరు తెలిసినవాళ్లు ఎందరుంటారో అనుమానమే. పేరున్న మనిషి కంటే పేరులేని తెల్లచీర ఎక్కువ లైకులు తెస్తుంది మరి.

పేరు చెరిపేయడంలో దెయ్యం కథకులే మొదటివాళ్లు అనుకుంటే పొరపాటు. మేయో జీవిత చరిత్రను 1875లో ప్రచురించిన విలియం హంటర్ ఆ హత్యను నిమిషం నిమిషంగా వర్ణించాడు. హంతకుడి పేరు మాత్రం తన పుస్తకంలో ఉండకూడదని పట్టుబట్టి, రాయకుండానే వదిలేశాడు. ఊరు పేరు, తెగ పేరు కూడా రాయలేదు. చంపినవాడికి చరిత్రలో చోటు దక్కకూడదన్నది ఆయన ఉద్దేశం. అదేమీ ఫలించలేదు, నేడు హోప్ టౌన్ అనగానే ముందు గుర్తొచ్చేది శేర్ అలీయే. కొండ పేరు కూడా మారింది. ఒకప్పటి సూపరింటెండెంట్ టైట్లర్ భార్య హ్యారియెట్ పేరిట ఉన్న ఆ కొండ 2021లో మౌంట్ మణిపూర్ అయింది. 1891 ఆంగ్లో-మణిపురీ యుద్ధం తర్వాత రాజు కులచంద్ర సింగ్‌నూ ఆయన అనుచరులనూ ఇక్కడికి తెచ్చి ఉంచారు.

మన దగ్గరి సంగతి చూస్తే, గోల్కొండ కోటలో చీకటి పడ్డాక తారామతి గజ్జెల చప్పుడు వినిపిస్తుందని ఒక మాట. రామోజీ ఫిలింసిటీ హోటళ్లలో దీపాలు వాటంతటవే ఆరిపోతాయని ఇంకో మాట. ఇవి వినడానికి సరదాగానే ఉంటాయి. హైదరాబాద్ కుందన్‌బాగ్ కథ మాత్రం అంత సరదాది కాదు. అక్కడొక ఇంట్లో తల్లి, ఇద్దరు కూతుళ్లు చనిపోయి చాలాకాలం ఎవరికీ తెలియకుండా ఉండిపోయిన సంగతి 2002లో బయటపడింది. ఒంటరితనం, నగరంలో ఇరుగుపొరుగు ఎడం, సాయం అందకపోవడం గురించి మాట్లాడాల్సిన విషయం. మాట్లాడుకున్నదేమో దెయ్యాల గురించి. అర్ధరాత్రి ఆ ఇంటి ముందు కుర్రకారు గుమిగూడేది. ఆ వీధివాళ్లకు దెయ్యం కంటే ఈ జనం బెడదే ఎక్కువైంది. వందేళ్ల కిందటి దొరసాని ఆత్మ గురించి జోకులు వేసుకోవచ్చు. పక్కవీధిలో నిన్నగాక మొన్న పోయినవాళ్లను వారాంతపు వినోదం చేసుకోవడం మాత్రం మర్యాద కాదు.

వెళ్లినవాళ్లకు నిజంగానే ఏదో అనిపిస్తుందా? అనిపిస్తుంది. బ్రిటన్‌లో మనస్తత్వవేత్త రిచర్డ్ వైజ్‌మన్ బృందం హాంప్టన్ కోర్టు ప్యాలెస్‌లోనూ, ఎడిన్‌బరోలో వంతెన కింది పాత సొరంగపు గదుల్లోనూ వందల మందిని తిప్పి చూసింది. దెయ్యాలున్నాయని పేరుపడ్డ గదుల్లోనే ఎక్కువమందికి చలి, ఎవరో చూస్తున్నారన్న భావన కలిగాయి. ఏ గదికి ఏ పేరుందో ముందు తెలియనివాళ్లకు కూడా. తరచి చూస్తే గది కొలతలు, వెలుతురు లాంటివాటితో ఆ అనుభవాలకు సంబంధం కనిపించింది. 2003లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. అంటే భయపడినవాళ్లు అబద్ధమాడలేదు. కాకపోతే భయం గదిలోంచి వచ్చింది, గదిలో ఉన్న ఆత్మలోంచి కాదు.

ఇంగ్లండ్‌లో విక్ టాండీ అనే ఇంజినీరుకు తన ల్యాబులో కంటి చివర ఒక బూడిదరంగు ఆకారం కదులుతున్నట్టు అనిపించింది. తిరిగి చూస్తే ఏమీ లేదు. మర్నాడు పట్టుకారుకు బిగించిన కత్తిసాము కత్తి దానంతటదే వణకడం చూశాడు. వెతగ్గా వెతగ్గా దొరికిన దెయ్యం, కొత్తగా బిగించిన ఎగ్జాస్ట్ ఫ్యాన్. మన చెవికి అందని, సెకనుకు 19 సార్ల కంపనం దాన్నుంచి పుడుతోంది. ఫ్యాన్ ఆపగానే అంతా సద్దుమణిగింది. 1998లో ఆయన దీన్ని రాసినప్పుడు దెయ్యాల గుట్టు రట్టయిందని చాలామంది సంబరపడ్డారు. తర్వాతి ప్రయోగాల్లో ఆ సిద్ధాంతం అంత గట్టిగా నిలబడలేదు. ముందే నూరిపోసిన కథ, ఎదురుచూపు, పక్కవాడి ముఖం ఇవే బలమైన కారణాలుగా తేలుతున్నాయి. నలుగురు స్నేహితుల్లో ఒకడు 'ఎవర్రా అది?' అంటే చాలు, మిగిలిన ముగ్గురికీ కనిపిస్తుంది.

భయపడటానికి డబ్బులిచ్చి మరీ ఎందుకు వెళ్తారన్న ప్రశ్నకు డెన్మార్క్‌లో ఆర్హస్ విశ్వవిద్యాలయం వాళ్లు జవాబు వెతికారు. ఒక 'భయాల ఇంటి'కి వచ్చిన 110 మందికి గుండె వేగం కొలిచే పరికరాలు తగిలించి లోపలికి పంపారు. బొత్తిగా భయపడనివాళ్లకూ, హడలిపోయినవాళ్లకూ అంత మజా రాలేదు. మధ్యస్థంగా ఉలిక్కిపడ్డవాళ్లే ఎక్కువ ఆనందించారు. అమ్మమ్మలు వేసవి రాత్రి మేడ మీద కొరివిదెయ్యం కథ చెబుతూ, పిల్ల ముఖం చూసి సరిగ్గా ఎక్కడ ఆపాలో తెలుసుకున్నది ఏ ల్యాబులోనూ కాదు.

అసలు ప్రమాదాలు వేరే ఉన్నాయి. 2014 జనవరి 26న రాస్ దీవి నుంచి నార్త్ బే వైపు వెళ్తున్న 'ఆక్వా మెరైన్' అనే పర్యాటకుల బోటు మునిగి ఇరవై మందికి పైగా చనిపోయారు. పట్టేదానికంటే ఎక్కువమందిని ఎక్కించారని తేలింది. ఈ రేవులో యాత్రికుణ్ని చంపిన దెయ్యం ఏదైనా ఉందంటే అది ఓవర్‌లోడే. లైఫ్ జాకెట్ ఇవ్వని బోటు ఎక్కకూడదు, ఇచ్చినదాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చోకూడదు. పాడుబడ్డ గోడలు ఎక్కడమంటే తేళ్లకూ పాములకూ, ఊడిపడే ఇటుకలకూ ఎదురెళ్లడమే. రాస్‌లో రాత్రి బసకు వీల్లేదు, చివరి బోటుకు తిరిగి రావాల్సిందే. రాత్రి వేళ కథ వినాలన్న కోరిక ఉన్నవాళ్లకు సెల్యులార్ జైలు ఆవరణలో సౌండ్ అండ్ లైట్ షో ఉంది. అక్కడి రావిచెట్టే సాక్షిగా జైలు చరిత్ర చెబుతుంది.

హోప్ టౌన్ చూడాలంటే చాతమ్ జెట్టీలో వాహనాలు కూడా ఎక్కించుకునే ఫెర్రీ పట్టుకుని బాంబూ ఫ్లాట్‌లో దిగాలి. అక్కణ్నుంచి రోడ్డు మార్గమే. కూలీకీ కాలేజీకీ వెళ్లేవాళ్లతో, కూరగాయల బుట్టలతో ఆ ఫెర్రీ కిటకిటలాడుతుంటుంది కాబట్టి ఆదివారం పొద్దున్నే బయల్దేరడం మేలు. ముందు కొండెక్కి, ఇరవై నోటు మీది లైట్‌హౌస్‌ను కళ్లారా చూసి, తర్వాత ఊళ్లోకి దిగితే మేయో నడిచిన దారి క్రమం సరిపోతుంది. కాకపోతే ఆయనలా చీకటి పడేదాకా ఆగకూడదు. తిరుగు ఫెర్రీ వేళలు ఎక్కేటప్పుడే అడిగి పెట్టుకోవాలి.